ఇసుక పెట్టెలు: సగం గీసిన సిలువ

కిందటి వారం రూతుని గుణదలలో రిక్షా ఎక్కించి, గుండె దడతో సహా దారిలోనే వదిలేశాం. పాపం, వారం రోజులుగా ఆ రిక్షా ఏలూరు కాలవ వంతెన మీదే ఉంది. వెనక రిక్షాలో రామతులసి. ఇద్దరి కాళ్ల దగ్గరా చెరో పెట్టె. "ఇందులో రాళ్లేమన్నా ఉన్నాయా అమ్మా?" అని రిక్షా అతను అడిగితే, "రాళ్లు కాదు, ఇసక" అని రూతు నిజమే చెప్పింది. అతను నమ్మలేదు. ఇక వాళ్లని దింపుదాం.

ఇవాళే ఈ కథ తెరిచినవాళ్లకి రెండు ముక్కలు చెప్పకపోతే అన్యాయం. రూతుకి ఫిజిక్సులో డిగ్రీ ఉంది. చల్లపల్లి మిషన్ స్కూల్లో టీచరు ఉద్యోగం సిద్ధంగా ఉంది, సోమవారం చేరాలి. వాళ్ల నాన్నగారు కనపడినవాళ్లనల్లా బతిమాలి తెచ్చిన ఉద్యోగం అది. రూతు మనసు మాత్రం గాంధీనగర్ ఆడపిల్లల కాలేజీలో మేడమెట్ల కింద ఖాళీగా పడివున్న గది మీద ఉంది. ఆ గదిలో ఆడపిల్లలకి రేడియో పని నేర్పే క్లాసు పెడతామని ఆమె, ఆమె స్నేహితురాలు రామతులసి వెళ్లి ప్రిన్సిపాల్ పద్మావతమ్మగారిని అడిగారు. కాలేజీ కమిటీవాళ్లకేమో అందులో కుట్టుమిషన్లు వేయించాలని ముచ్చట. మధ్యలో నలిగిపోయిన పద్మావతమ్మగారు ఒక మెలిక పెట్టారు.

"ఊరికే అడిగితే కమిటీకి నేనేం చెప్పుకోనమ్మా? మీ చేత్తో చేసిన స్పీకర్లు ఫారిన్ స్పీకర్ల పక్కన నిలబడి పాడాలి. పాడితే గది మీది. లేకపోతే మిషన్లు దిగుతాయి."

ఆ పరీక్ష ఇవాళే. పాస్ అయితే రూతు బెజవాడలో ఉంటుంది. ఫెయిల్ అయితే చల్లపల్లి బస్సు. కథంతా ఇంతే.

స్టీరియో అంటే రెండింతల గోల అనుకునే ఊళ్లో ఈ ఇద్దరు పిల్లలూ రెండు నెలలుగా ఏం చేశారో కిందటి భాగాల్లో చదివినవాళ్లకి తెలుసు. టేకు పెట్టెలు చేయించే తాహతు వాళ్లకి లేదు. పల్చటి ప్లైవుడ్‌తో చేస్తే పెట్టె కూడా పాటతోపాటు గిలగిల్లాడి తన గొంతు కలుపుతుంది. అందుకని రెండు పల్చటి ప్లైవుడ్ ముక్కల మధ్య వేలు పట్టేంత సందు వదిలి, ఆ సందు నిండా కృష్ణ ఇసుక కూరారు. అలా కూరిన చెక్కని వేలితో కొడితే గోడని కొట్టినట్టే ఉంటుంది. పెట్టె నోరు మూసుకుంటుంది, లోపలి స్పీకరు ఒక్కటే పాడుతుంది. రూతు వాళ్ల పక్కింటి శౌరయ్య చర్చి బెంచీలు చేసే చేత్తోనే ఈ పెట్టెలూ బిగించాడు. తడి ఉంటే చెక్క ఉబ్బుతుందని ఆయన భార్య అమలమ్మ ఇసుకంతా జల్లించి మూకుట్లో వేయించింది. వేరుశనగకాయలు వేయిస్తున్నారనుకుని వీధిలోవాళ్లు గుప్పెడు పెట్టించుకుందామని వచ్చి, మూకుట్లోకి తొంగిచూసి, ఈ ఇంట్లో అందరికీ ఒకేసారి పిచ్చెక్కిందని చెప్పుకుంటూ వెళ్లారు.

లోపల బూరుగు దూది, ముందువైపు మంగళగిరి నేత గుడ్డ. స్పీకర్లు మాత్రం మద్రాసు నుంచి పార్సిల్లో వచ్చిన మామూలు ఎనిమిదంగుళాలవి, మన దేశంలో చేసినవే.

ఇంట్లో ఉన్నది పాత రేడియో ఒక్కటే. దానికి తగిలించి ఒక్కో పెట్టెని విడివిడిగా విన్నారు తప్ప, రెండూ కలిసి పాడగా ఇంతవరకూ ఎవరూ వినలేదు. పెళ్లికొడుకునీ పెళ్లికూతుర్నీ ముందుగా ఒకరికొకరిని చూపించకుండా పీటల మీద కూర్చోబెట్టినట్టయింది.

కాలేజీ మేడమీద హాల్లోకి పెట్టెలు చేరేసరికి వెంకటకృష్ణారావుగారు ముందే వచ్చి స్టేజీ మీద తన ఫారిన్ పెట్టెల్ని సర్దుకుంటున్నారు. బెజవాడలో పెళ్లి కానీ, మీటింగు కానీ మైకుసెట్టు ఆయన షాపు నుంచి వెళ్లాల్సిందే. మెడలో మడత నలగని ఉత్తరీయం, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. ఆయన పొగరుబోతు అని నేను రాస్తే మీరు చప్పున నమ్ముతారు. కానీ అది అబద్ధం. ఆయనకి పాటంటే ప్రాణం, తన పెట్టెలంటే అంతకన్నా ప్రాణం, అంతే.

"ఇయ్యి జర్మనీ నుంచి ఓడ మీద వచ్చినయ్యండీ ప్రిన్సిపాల్‌గారూ. మద్రాసులో నేనే దగ్గరుండి కొనుక్కొచ్చా" అని పద్మావతమ్మగారితో చెబుతూ, వీళ్ల పెట్టెల్ని చూసి నవ్వారు. "ఇసక పెట్టెల్లోంచి పాట రప్పిస్తారా అమ్మాయ్? రాకపోయినా ఫరవాలేదులే, గోడ కట్టుకోటానికి పనికొస్తయ్యి."

"గోడకి సిమెంటు కూడా కావాలండీ బాబాయిగారూ. ఇప్పుడు దొరకటంలా. అది మీరిప్పిద్దురుగాని" అంది రామతులసి. కంకిపాడు రైతుబిడ్డ. మాటకి మాట అంటించకపోతే ఆ పిల్లకి అన్నం సయించదు.

ఆయన గట్టిగా నవ్వి, తన రికార్డు ప్లేయరూ, ఆంప్లిఫయరూ రెండు జతలకీ వాడుకోవచ్చన్నారు. స్టేజీకి తెర దించుతారు. తెర వెనక రెండు జతలూ ఉంటాయి. ఏది ఎప్పుడు పాడుతుందో వెనక ఉన్న వెంకటకృష్ణారావుగారికీ రామతులసికీ తప్ప ఎవరికీ తెలియదు. ముందు కూర్చుని విని, ఏది బాగుందో పద్మావతమ్మగారు చెప్పాలి. ఆవిడ ఇరవై ఏళ్లు సంగీతం నేర్పి ప్రిన్సిపాల్ అయిన మనిషి, ఆ చెవి మీద ఎవరికీ అనుమానం లేదు.

తెర దించకముందు రూతు తమ పెట్టెల వెనక మోకాళ్ల మీద కూర్చుని వైర్లు బిగించింది. ఒక్కో పెట్టెకీ వెనక రెండు స్క్రూలుంటాయి, ఒకటి ప్లస్, ఒకటి మైనస్. రెండు పెట్టెల్లోనూ ప్లస్ స్క్రూకి ఎర్ర తీగే వెళ్లాలి. రూతు తన పెట్టె మీద ప్లస్ పక్కన సుద్దముక్కతో ఇంటి దగ్గరే + గుర్తు పెట్టుకుంది. రామతులసి స్పీకరు బిగించిన పెట్టె మీద కూడా + గుర్తు చూసి, "ఇన్నాళ్లకి చెప్పినట్టు విన్నావే తల్లీ" అని లోపల మురిసిపోయింది. ఎర్ర తీగలు రెండూ గుర్తులు చూసి బిగించి, చేతులు దులుపుకుని కిందికి దిగింది.

తెర పడింది. కాలేజీ పిల్లలు కొందరు గోడవారన నిలబడ్డారు. అమలమ్మ ఉప్మా కారియర్ ఒళ్లో పెట్టుకుని వెనక వరసలో కూర్చుంది. రూతు పద్మావతమ్మగారి పక్క కుర్చీ అంచు మీద కూర్చుంది. పూర్తిగా కూర్చోవటం ఆమె వల్ల కాలేదు.

లోపల పైసా గాల్లోకి ఎగిరిన చప్పుడు. ఎవరు ముందో తేలినట్టుంది. రికార్డు మీద సూది ఆనిన చిన్న గరగర. తర్వాత తంబురా.

ఒక్కసారి హాల్లో గాలి మారిపోయింది. అది ఒక కచేరీ రికార్డు. వయొలిన్ ఎడమ చివర మొదలైంది, ఘటం కుడి చివర. ఆ రెండింటి నడుమ, ఏ పెట్టే లేని ఖాళీ చోట, పాడే ఆవిడ వచ్చి కూర్చుని గొంతు విప్పింది. స్టీరియో అంటే ఇదే. రెండు చోట్ల నుంచి రావటం కాదు, మూడో చోట మనిషి పుట్టటం. రూతు పుస్తకాల్లో చదివింది, వినటం ఇదే మొదలు. మనవే, మనవే, ఇవి మనవే అని మనసు గంతులేసింది.

"బాగుంది" అన్నారు పద్మావతమ్మగారు కళ్లు మూసుకునే. "రెండోది వెయ్యండి."

రెండో జత మొదలైంది. అదే రికార్డు, అదే పాట. కానీ పాడే ఆవిడ ఎక్కడా లేదు. గొంతు వినపడుతోంది, మనిషి ఎక్కడుందో తెలియటం లేదు. మృదంగం తడి అట్టని కొట్టినట్టుంది. పద్మావతమ్మగారు కళ్లు తెరిచి, మెడ అటూ ఇటూ తిప్పారు.

"ఈవిడెక్కడ కూర్చుని పాడుతోందమ్మా? కాసేపు నా వెనకాల, కాసేపు గోడ అవతల. మృదంగానికి ఎడమపక్క చిరిగిందా ఏమిటి, తోం అన్న మాటే లేదు?"

రూతుకి లోపల పండగ. ఓడ మీద వచ్చిన జర్మనీ పెట్టెల సంగతి ఇదా! పాపం వెంకటకృష్ణారావుగారు అని జాలి కూడా పడింది. అంత పెద్దమనిషి ముఖం ఎలా ఉందో చూద్దామని తెర వైపు చూసింది. తెర అంచు కదిలింది. రామతులసి తల బయటికి పెట్టింది.

ఆ పిల్ల ముఖంలో రక్తం లేదు. తల అడ్డంగా ఊపింది.

రూతు కుర్చీ అంచు మీద నుంచి లేచి నిలబడింది. తెర పక్కకి లాగి వెంకటకృష్ణారావుగారు బయటికి వచ్చారు. గెలిచినవాడి నవ్వు ఆయన ముఖాన లేదు, అందుకే రూతుకి ఇంకా ఏడుపొచ్చింది.

"బాధపడమాకమ్మాయ్. చేసినంత చేశారు. పనితనం చక్కగా ఉంది. పెట్టెలకేం, దేవుడి బొమ్మలు పెట్టుకోవచ్చు."

"రూతూ," అన్నారు పద్మావతమ్మగారు మెల్లిగా, "నాకూ కష్టంగానే ఉందమ్మా. కానీ విన్నది విననట్టు కమిటీకి చెప్పలేను."

గోడవారన పిల్లలు గుసగుసలాడారు. రూతు తమ పెట్టెల వైపే చూసింది. ఆమెకి కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఇంట్లో ఒక్కో పెట్టె విడిగా ఎంత బాగా పాడింది! మొన్న సాయంత్రం వార్తలు చదివే ఆయన గొంతు వింటే వరండాలో మనిషి కూర్చున్నాడనుకుని శౌరయ్య తొంగిచూశాడు. విడిగా పాడినవి కలిసి ఎందుకు పాడవు? చెడింది పెట్టె కాదు. చెడింది కలయిక. తోం పోయింది, మనిషి మాయమైంది...

"అమ్మగారూ, ఒక్క నిమిషం!" అని అరిచింది. ప్రిన్సిపాల్ ముందు అరవకూడదన్న సంగతి అరిచిన తర్వాత గుర్తొచ్చింది. "ఎవరి దగ్గరన్నా టార్చిలైటుందాండీ?"

కరెంటు కోతల రోజులు. వెంకటకృష్ణారావుగారి సంచీలో టార్చి ఉండకుండా ఎలా ఉంటుంది? ఆయన వింతగా చూస్తూ ఇచ్చారు. రూతు దాని వెనక మూత విప్పి, ఒక బ్యాటరీ చేతిలోకి తీసుకుని స్టేజీ ఎక్కింది. తమ పెట్టెల వైర్లు ఆంప్లిఫయరు నుంచి ఊడదీసింది. ఒక పెట్టె దగ్గర కూర్చుని, ఎర్ర తీగ కొస బ్యాటరీ బొడిపెకి, రెండోది అడుగుకి ఆనించింది. టక్‌మంది. ఇంకో చేతి వేళ్లు మంగళగిరి గుడ్డ మీద ఆనించి ఉంచింది. లోపలి స్పీకరు కాగితం ముందుకొచ్చి వేళ్లని తోసింది.

రెండో పెట్టె దగ్గరికి మోకాళ్ల మీదే పాకింది. ఎర్ర తీగ బొడిపెకి. టక్. ఈసారి వేళ్లకి ఏమీ తగల్లేదు. ఇంకోసారి చూసింది. కాగితం వెనక్కి పోతోంది.

"తులసీ! ఒకటి తోస్తుంటే ఇంకోటి లాగుతోందే!" రూతు సంతోషంతో కేక పెట్టింది. "ఇది తోసిన గాలి అది లాగేస్తంటే ఇక తోం ఎక్కడుంటది? ఒకదానికి వైర్లు తిరగబడ్డయ్యి!"

"బిగించింది నువ్వే గదే!"

"గుర్తులు చూసే బిగించా. నీ పెట్టె మీద నువ్వు ప్లస్ పక్కన గుర్తు పెట్టావా, మైనస్ పక్కన పెట్టావా?"

"మైనస్ పక్కనే. మా అన్న ట్రాక్టరు బ్యాటరీకెప్పుడూ ముందు మైనస్ విప్పమంటాడు. అది అలవాటైపోయి మైనస్‌కే గుర్తు పెడతా. నీకు తెలవదా?"

"మరి ఇక్కడ ప్లస్ ఉందేంటి?"

ఇద్దరూ పెట్టె వెనక్కి వంగి చూశారు. సుద్దగీత, నల్లరంగు చెక్క మీద స్పష్టంగా ఉంది. ప్లస్సే. రామతులసి దాన్ని చూసి నోరు తెరిచింది.

"అడ్డగీత నాదే. నిలువుగీత నాది కాదు. ఒట్టు."

వెనక వరసలో కారియర్ చప్పుడైంది. అమలమ్మ కొంగు సర్దుకుంటూ స్టేజీ దగ్గరికి వచ్చి నిలబడింది. ఆవిడ ముఖంలో భయం లేదు, కొంచెం గర్వమే ఉంది.

"నిలువుగీత నేను గీశానమ్మా."

"పిన్నీ?" అంది రూతు.

"పొద్దున్న మీకు కాఫీ తెచ్చినప్పుడు చూశా. ఒక పెట్టె మీద చక్కగా సిలువ గీశారు. రెండోదాని మీద అడ్డగీత ఒక్కటే గీసి వదిలేశారు. హడావుడిలో మర్చిపోయారనుకున్నా. సిలువ సగంలో వదిలెయ్యకూడదు గదా, అందుకని మిగతాది నేను గీసి, రెండు పెట్టెల మీదా చెయ్యి పెట్టి ప్రార్థన చేసుకున్నా. ఏం, వంకర పోయిందా?"

రూతు పెదాలు బిగబట్టింది. రామతులసి ఆపుకోలేక స్టేజీ మీదే చతికిలపడి పడీపడీ నవ్వింది. గోడవారన పిల్లలకి అర్థం కాకపోయినా వాళ్లూ నవ్వారు. వెంకటకృష్ణారావుగారికి మాత్రం అర్థమైంది. ఆయన నోట్లో లవంగం కింద పడిపోయింది.

"ఏమ్మా, మైనస్‌ని ప్లస్ చేశావా! ముప్పై ఏళ్లుగా మైకులు కడుతున్నా, ఇట్టాంటి ఫాల్ట్ నేను చూళ్లేదు!"

అమలమ్మకి అప్పుడు తెలిసింది ఏదో జరిగిందని. ముఖం చిన్నబోయింది. "నా వల్ల చెడిందా అమ్మా? చెరిపేస్తానుండు" అంటూ కొంగు తడుపుకోబోయింది.

"చెరపమాకండి పిన్నిగారూ" అని రామతులసి కళ్లు తుడుచుకుంటూ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "గీసిన సిలువ అట్టాగే ఉండనీయండి. తీగ మారుద్దాం, సరిపోద్ది."

రూతు అమలమ్మ బుగ్గ గట్టిగా గిల్లింది.

అసలు గొడవ అప్పుడు వచ్చింది. పరీక్ష మళ్లీ పెట్టమని రూతు అడిగింది. వెంకటకృష్ణారావుగారు ఒప్పుకోలేదు. నవ్వినంతసేపు నవ్వి, పంచె సర్దుకుని గట్టిగా నిలబడ్డారు.

"అది కుదరదమ్మాయ్. పరీక్ష రాసి పేపరిచ్చేశాక, అయ్యో ఒక లెక్క తిరగేసి రాశాను, మళ్లీ రాస్తానంటే ఏ కాలేజీలో ఒప్పుకుంటారు? మీరు చెప్పండి ప్రిన్సిపాల్‌గారూ."

"లెక్క వేరండీ" అంది రూతు. "మా పెట్టె బాగాలేకపోతే ఓడిపోయినట్టే, నోరు మూసుకుని చల్లపల్లి పోతా. కానీ మీరు విన్నది మా పెట్టెల్ని కాదు. తిరగబడిన తీగని విన్నారు. రేపు మీ జర్మనీవాటికి నేను తీగ తిప్పేస్తే అయ్యి కూడా ఇట్టాగే ఏడుస్తయ్యి. తిప్పి చూపించమంటారా?"

"నా పెట్టెల జోలికొచ్చావంటే..."

"చూపించమంటారా అండీ?"

ఆ పిల్ల చెప్పింది నిజమని ఆయనకి తెలుసు. తెలిసినవాడు కాబట్టే ఇరుక్కుపోయారు.

పద్మావతమ్మగారు కుర్చీలోంచి కదల్లేదు. "వెంకటకృష్ణారావుగారూ, నాకు తీగల సంగతి తెలియదు. కానీ నా పిల్లలకి నేర్పాల్సింది ఏమిటి? పాడైపోతే ఏడుస్తూ కూర్చోకుండా ఎక్కడ తప్పిందో వెతికి పట్టుకోవటం. అదేగా ఈ అమ్మాయి ఇప్పుడు నా కళ్లముందు చేసింది? ఇంకోసారి వింటాను. మీ జర్మనీ పెట్టెలకి భయమైతే చెప్పండి, మానేద్దాం."

"భయమా? నా పెట్టెలకా?" ఆయన ఉత్తరీయం దులిపి భుజాన వేసుకున్నారు. "దించండి తెర!"

రూతు ఆ పెట్టెకి తీగలు అటూ ఇటూ మార్చి బిగించి దిగింది. మళ్లీ తెర. మళ్లీ పైసా. రూతు ఈసారి కూర్చోనే లేదు. ముందు ఒక జత పాడింది. గొంతు నడిమధ్యన చక్కగా నిలబడింది, మృదంగం పలికింది. ఇది మనదా? కాదేమో. మొదటిసారి మనవే అనుకుని మోసపోయిన మనసు ఈసారి నోరు మెదపలేదు. తర్వాత చిన్న టక్‌మన్న చప్పుడు, రెండో జత.

అబ్బ!

ఇంకేం రాయను? పాడే ఆవిడ అదే చోట కూర్చుంది, కానీ ఇప్పుడు ఆవిడ ఊపిరి తీసుకోవటం వినపడింది. చరణం ఎత్తుకునే ముందు గొంతు సవరించుకున్న చిన్న చప్పుడు, వయొలిన్ ఆయన కమాను తిప్పిన చప్పుడు, అన్నీ ఉన్నాయి. మృదంగం మీద తోం పడినప్పుడల్లా హాల్లో నేల కాళ్ల కింద పలికింది. పెట్టెలు ఉన్నాయన్న సంగతే మర్చిపోయేలా ఉంది. గోడవారన పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. అమలమ్మ కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది.

పద్మావతమ్మగారి చెయ్యి తనకి తెలియకుండానే తొడ మీద తాళం వేస్తోంది. పాట పూర్తయ్యేదాకా ఆవిడ ఆపమనలేదు.

"మొదటిది బాగుంది" అన్నారు చివరికి. "దీన్ని బాగుంది అంటే చాలదు. ఇది కచేరీ. రెండోదే. ఇందులో రెండో మాట లేదు."

తెర వెనక నుంచి కేక వినపడింది. అది రామతులసి కేక. ఆ కేక విన్నాక తెర తీయాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది. అయినా తీశారు. రామతులసి మంగళగిరి గుడ్డ కట్టిన పెట్టెని రెండు చేతులా కావలించుకుని కూర్చుంది. రూతు స్టేజీ మెట్లు ఎన్ని ఎక్కిందో ఎన్ని దూకిందో తెలియదు. ఇద్దరూ ఒకరిమీద ఒకరు పడి ఏడ్చారు, నవ్వారు. అమలమ్మ కారియర్ విప్పి, కనపడిన ప్రతివాళ్ల చేతిలో ఉప్మా పెట్టింది.

వెంకటకృష్ణారావుగారు మాత్రం రికార్డు ప్లేయరు పక్కన స్టూలు మీద కూర్చుండిపోయారు. అందరూ ఆయన గొడవ పెడతారనుకున్నారు. ఆయన లేచి వచ్చి, ఇసుక పెట్టె మీద అరచెయ్యి ఆనించి, చిన్నపిల్లవాడిలా అడిగారు.

"ఇంకొక్కసారి వెయ్యమ్మా."

వేశారు. ఆయన స్టేజీ కిందికి దిగి, నేల మీదే కూర్చుని విన్నారు. విన్నాక ముక్కు చీది లేచారు.

"అమ్మాయ్, నాకీ జత కావాలి. ఇట్టాంటియ్యి మళ్లీ చేసుకోగలవు నువ్వు. బదులుగా నా జర్మనీ పెట్టెలు నీ క్లాసుకి ఇచ్చేస్తా. ఇన్నాళ్లూ ఒక్క స్క్రూ ముట్టుకోలేదు, విప్పితే ఎక్కడ గొంతు పోద్దోనని. నువ్వు విప్పి పిల్లలకి చూపించు, ఫారిన్‌వాళ్లు లోపల ఏం పెడతారో. ఇదుగో, ఇప్పుడే విప్పు. నాకూ చూడాలని ఉంది."

సంచీలోంచి స్క్రూడ్రైవరు తీసి ఆమె చేతిలో పెట్టి, కింద పడిన లవంగం బదులు ఇంకోటి వెతుక్కోవటంలో పడ్డారు. రూతు ఆ నిగనిగలాడే పెట్టెని తనవైపు తిప్పుకుంది. ఆమెకి ఇంతకన్నా పెద్ద బహుమతి ఎవరూ ఇవ్వలేదు. ఒక్కొక్క స్క్రూ విప్పింది. వెనక, పద్మావతమ్మగారు పిల్లలతో గట్టిగా చెబుతున్నారు.

"రేపే కమిటీకి చెబుతాను. ఫారిన్ స్పీకర్లని మన ఆడపిల్లలు చేసినవి ఓడించాయని నా చెవులతో విన్నానని చెబుతాను. ఇక ఎవరు కాదంటారో చూస్తా. రామతులసీ, గది తాళంచెవి నా టేబుల్ సొరుగులో ఉంది, తెచ్చుకో పో!"

రామతులసి పరుగెత్తిన అడుగుల చప్పుడు మెట్ల మీద వినపడింది. రూతు వెనక చెక్క ఊడదీసి లోపలికి చూసింది.

ఎనిమిదంగుళాల స్పీకరు. ఆ ఇనప చట్రం ఆమెకి తెలుసు. ఆ ఆకుపచ్చ రంగు తెలుసు. మద్రాసు పార్సిల్ విప్పిన రోజు నుంచి దాన్ని ఎన్నిసార్లు తుడిచిందో, ఎన్నిసార్లు వెలుగులో తిప్పి చూసుకుందో. అయస్కాంతం మీద అంటించిన చిన్న కాగితం కూడా అదే. దాని మీద మేడ్ ఇన్ ఇండియా అని అచ్చు. జర్మనీ పెట్టె కడుపులో ఉన్నది రూతు పెట్టెలో ఉన్నదే. మద్రాసులో ఎవడో పెట్టెకి మెరుగు పెట్టి, పైన ఫారిన్ పేరు అతికించి, ఈ పెద్దమనిషికి అంటగట్టాడు.

ఆమె గుండె రెండుసార్లు ఎగిరింది. మొదటిసారి సంతోషంతో. అదే స్పీకరు రెండు జతల్లోనూ! అంటే గెలిచింది అచ్చంగా ఇసుకే, శౌరయ్య బిగింపే, తమ ఆలోచనే. రెండోసారి భయంతో. పద్మావతమ్మగారు అడిగింది ఫారిన్ పెట్టెల పక్కన నిలబడమని. ఇక్కడ ఫారిన్ పెట్టెలే లేవు. గది మాటా లేదు. సోమవారం, చల్లపల్లి.

ఎవరూ చూడలేదు. వెనక చెక్క చేతిలోనే ఉంది. మళ్లీ బిగించి, లోపల దుమ్ముందండీ, తర్వాత చూపిస్తాను అంటే సరిపోతుంది. ఈ పెద్దాయన మాట నిలబడుతుంది, గది నిలబడుతుంది, క్లాసు నిలబడుతుంది. మెట్ల మీద రామతులసి తాళంచెవి ఆడిస్తూ ఎక్కుతున్న గలగల దగ్గరవుతోంది.

"ఏముందమ్మా లోపల? మాక్కూడా చెప్పు!" అన్నారు పద్మావతమ్మగారు.

వెంకటకృష్ణారావుగారు లవంగం నోట్లో వేసుకుని, ఉత్సాహంగా వంగుతున్నారు.

రూతు స్క్రూడ్రైవరు కింద పెట్టింది.

"అమ్మగారూ, కమిటీకి అట్టా చెప్పమాకండి" అంది. "మేము ఫారిన్ పెట్టెల్ని ఓడించలేదు."

ఆమె పక్కకి జరిగి, ఆయనకి లోపలంతా కనపడేలా పెట్టెని వెలుతురు వైపు తిప్పింది.